చేతులు గీయడం కుదరట్లేదా? వేళ్లను వదిలి ముందు అరచేతిని పట్టుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఫోటో చూసి ముఖాలు పోలిక వచ్చేలా వేయగలుగుతున్నారు. చేతుల దగ్గరికి వచ్చేసరికి వేళ్లు అరటిపళ్లలా వస్తున్నాయి. అందుకని చేతుల్ని వీపు వెనకో పైట చాటునో దాచేస్తున్నారు. నిలువెత్తు బొమ్మ వేస్తే మనిషి కొయ్యలా బిగుసుకుపోతున్నాడు. దీనికి అనాటమీ మొత్తం చదవాలా?

మొత్తం చదవక్కర్లేదు. తప్పు వేళ్లలో లేదు, వేళ్ల దాకా రాకముందే జరిగిపోతోంది. అరచేయి ఎటు తిరిగి ఉంది, మణికట్టు దగ్గర ఎంత వంగింది అన్నది తేల్చుకోకుండా వేళ్ల అంచులు గీయడం మొదలుపెడితే, ఒక్కో వేలు ఎంత శ్రద్ధగా గీసినా అవి ఒక చేతికి చెందినట్టు కనిపించవు. వరస ఇలా ఉండాలి: ముంజేయి, మణికట్టు, అరచేతి దిమ్మె, మెటికల వంపు, బొటనవేలు, ఆ తర్వాత నాలుగు వేళ్లు కలిపి ఒకే ముద్దగా, ఆ ముద్దను చీల్చి విడివిడి వేళ్లు. గోళ్లు అన్నిటికన్నా చివర.

ముఖం వచ్చి చేయి రాకపోవడానికి కారణం ఉంది. ముఖం ఎటు తిరిగినా కళ్లు, ముక్కు, నోరు ఒకదానికొకటి అదే దూరంలో ఉంటాయి. గళ్లు గీసుకుని కాపీ చేసినా పని జరిగిపోతుంది. చేతిలో 27 ఎముకలున్నాయి: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. భంగిమ మారిన ప్రతిసారీ ఆకారమే మారిపోతుంది. గళ్లతో గీసిన చేయి ఆ ఒక్క ఫోటోకే పనికొస్తుంది, మరుసటి బొమ్మకు మళ్లీ మొదటికే వస్తారు.

ముందు సైజు. మీ అరచేతి మొదలును గడ్డం మీద ఆనించి, చేతిని ముఖం మీద పరవండి. మధ్యవేలి కొస జుట్టు మొదలయ్యే చోటికి వస్తుంది. చేయి పొడవు అంటే ముఖం పొడవన్న మాట. మన శిల్పశాస్త్రంలో తాళం అన్న కొలతకు మూలం ఇదే: ముఖం 12 అంగుళాలు, మణికట్టు నుంచి మధ్యవేలి కొస వరకు కూడా 12 అంగుళాలు. (ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మకు మాత్రమే వర్తించే ఒక భాగం.) ముఖాలు బాగా వేసేవాళ్లు చేతుల్ని దాదాపు ఎప్పుడూ చిన్నగా వేస్తారు. భయంతో చేసే పని కాబట్టి చేయి కుంచించుకుపోతుంది. గీయడం మొదలుపెట్టేముందే ముఖం పొడవును పెన్సిల్‌తో కొలిచి, చేయి ఉండాల్సిన చోట రెండు చుక్కలు పెట్టుకోండి. పిడికిలికీ, మనవైపు చాచిన చేతికీ ఈ కొలత పనిచేయదు. కానీ తెరిచిన చేతికి ఇది తప్పితే బొమ్మ మొత్తం తప్పినట్టే.

మణికట్టు. ముంజేతిని గొట్టంలా గీయకండి. మోచేతి వైపు అది గుండ్రంగా ఉంటుంది, మణికట్టు దగ్గరికి వచ్చేసరికి చదునవుతుంది. మణికట్టు వెడల్పు మూడు వంతులనుకుంటే మందం రెండు వంతులే. చేతిని పక్క నుంచి చూడండి. ముంజేతి కింది అంచు మణికట్టు దగ్గర సన్నబడి, అక్కడి నుంచి అరచేతి మొదలు మళ్లీ ఉబ్బుతుంది. ఆ చిన్న మెట్టు గీయకపోతే చేయి ముంజేతికి అతికించినట్టు ఉంటుంది. అరచేయి నేలవైపు తిప్పి పెడితే చిటికెనవేలి వైపు మణికట్టు మీద ఒక గుండ్రటి ఎముక బుడిపె కనిపిస్తుంది. చేయి ఎటు తిరిగిందో చెప్పడానికి దానంత నమ్మకమైన గుర్తు ఇంకోటి లేదు. అరచేతిని బోర్లించినప్పుడు బొటనవేలి వైపు ఎముక రెండో ఎముక మీదుగా అడ్డంగా దాటుతుంది. అందుకే మోచేయి కదలకుండానే మణికట్టు పూర్తిగా తిరిగిపోతుంది.

మణికట్టు అరచేతి వైపు దాదాపు 80 డిగ్రీలు, వెనక్కి 70 వరకు వంగుతుంది. చిటికెనవేలి వైపుకు 30, బొటనవేలి వైపుకు 20 మించి వంగదు. ఊహించి వేసే బొమ్మల్లో చేయి విరిగినట్టు కనిపిస్తే ముందు ఈ పక్క వంపే చూసుకోండి.

ఆడవాళ్ల బొమ్మలు వేస్తున్నానన్నారు కాబట్టి గాజుల సంగతి. గాజు ముంజేతి దిశను చూపించే గుర్తు. దాన్ని అడ్డగీతలా గీస్తే అప్పటిదాకా తెచ్చిన లోతంతా పోతుంది. ఒక స్టీలు గ్లాసును పైనుంచి చూడండి. అంచు మనకు దగ్గరగా ఉంది, దాని ముందు భాగం వంపు అడుగువైపుకు దిగుతుంది. చేయి కూడా అంతే. చేయి మనవైపు వస్తుంటే గాజు కనిపించే వంపు మోచేతి వైపు ఉబ్బాలి. చేయి మన నుంచి దూరంగా పోతుంటే వేళ్లవైపు ఉబ్బాలి. డజను గాజులుంటే అన్నీ ఒకే వంపులో ఉండవు, ముంజేయి దిశను బట్టి ఒక్కోటి కొంచెం కొంచెంగా మారుతూ పోతాయి.

అరచేయి పలక కాదు, దోసిలి. అరచేతిని ఒక దిమ్మెగా వేయండి, మణికట్టు వైపు కాస్త ఇరుకుగా, వేళ్ల వైపు వెడల్పుగా. కానీ అది చెక్కపలకలా చదునుగా ఉండదు. చూపుడువేలు, మధ్యవేలు మొదలయ్యే అరచేతి ఎముకలు దాదాపు కదలవు. ఉంగరపువేలు, చిటికెనవేలు వైపు ఎముకలు లోపలికి ముడుచుకుంటాయి. దోసిలి పట్టి చూస్తే తెలుస్తుంది. ఏ వస్తువు పట్టుకున్నా అరచేతిలో సగం స్థిరంగా ఉండి, రెండో సగం దాని చుట్టూ ముడుచుకుంటుంది.

పిడికిలి బిగిస్తే పైకి లేచే నాలుగు బుడిపెలనే మెటికలు అంటున్నాను. వాటిని కలిపే గీత నిటారుగా ఉండదు. మధ్యవేలి దగ్గర ఎత్తుగా ఉండి, చిటికెనవేలి వైపు బాగా జారుతుంది. వేలి కణుపులు, వేళ్ల కొసలు కూడా ఇలాంటి వంపుల్లోనే ఉంటాయి. వేళ్లు గీసేముందు ఈ వంపుల్ని పల్చగా గీసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు చెప్పేది చాలామందిని ఏళ్ల తరబడి తికమక పెడుతుంది. చేతి వెనకవైపు చూస్తే మధ్యవేలి మెటిక నుంచి కొస వరకు ఎంత పొడవో, మెటిక నుంచి మణికట్టు వరకు దాదాపు అంతే. చేతిని తిప్పి అరచేయి వైపు చూడండి. వేళ్లు పొట్టిగా, అరచేయి పొడుగ్గా కనిపిస్తుంది. వేలు మొదట్లో మనం చూసే ముడత అసలు కీలు దగ్గర లేదు, మొదటి ఎముక దాదాపు సగంలో ఉంది. కీలు దానికి బాగా కింద, అరచేతి కండలో దాగి ఉంది. అందుకే లోపలి వైపు వేలి మూడు భాగాలూ ఇంచుమించు సమానంగా కనిపిస్తాయి, వెనకవైపు మాత్రం మొదటి భాగం పొడుగ్గా, తర్వాతవి పొట్టిగా ఉంటాయి. మధ్యవేలి ఎముకల పొడవును పది భాగాలు చేస్తే సుమారు 5, 3, 2. కొసన కండ, గోరు ఉంటాయి కాబట్టి చివరి భాగం చూపుకు ఇంకాస్త ఎక్కువ. వెనకవైపు కొలతతో అరచేయి గీస్తే వేళ్లు దెయ్యం వేళ్లలా సాగిపోతాయి. లోపలి కొలతతో వెనకవైపు గీస్తే చిన్నపిల్లల చేయి అవుతుంది. మీరు వర్ణించిన అరటిపళ్లకు సగం కారణం ఈ కలగాపులగమే అయి ఉండాలి.

బొటనవేలు నాలుగు వేళ్ల పక్కన ఐదోది కాదు. అది మణికట్టు దగ్గరే మొదలవుతుంది. దాని కింద ఉన్న కండను కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్దగా అరచేతి దిమ్మె మీద ముందు పెట్టండి, వేలు దాని కొసన వస్తుంది. చేయి వదులుగా ఉన్నప్పుడు బొటనవేలి గోరు మిగతా గోళ్ల దిశకు దాదాపు అడ్డంగా, పక్కకు చూస్తుంది. ఐదు గోళ్లూ ఒకేసారి ఎదురుగా కనిపించేలా గీస్తే అది చేయి కాదు, చేతితొడుగు. బొటనవేలిని చూపుడువేలికి ఆనిస్తే దాని కొస చూపుడువేలి మొదటి భాగం సగం వరకు వస్తుంది, అంతకన్నా పెద్దగా పైకి పోదు.

నాలుగు వేళ్లు. ముందు నాలుగింటినీ కలిపి ఒకే ముద్దగా, కణుపుల దగ్గర మడతలతో గీయండి. ఆ ముద్ద సరిగ్గా వంగిందనిపించాకే చీల్చండి. వేళ్లు సమాంతరంగా ఉండవు, అన్నీ మధ్యవేలి వైపు కొద్దిగా ఒరుగుతాయి. చిటికెనవేలి కొస ఉంగరపువేలి చివరి కణుపు దగ్గరికి వస్తుంది. పిడికిలి బిగించినప్పుడు నాలుగూ బొటనవేలి మొదలు వైపు ఒక చోటికి గురిపెడతాయి.

ఊరికే ఒడిలో పెట్టుకున్న చేతిలో ఏ వేలూ నిటారుగా ఉండదు. చూపుడువేలు తక్కువ వంగి, చిటికెనవేలు వైపు పోయేకొద్దీ వంపు పెరుగుతుంది. పూర్తిగా మడిస్తే వేలు మెటిక దగ్గర 90 డిగ్రీలు, మధ్య కణుపు దగ్గర 100 పైన వంగుతుంది, చివరి కణుపు మాత్రం 70, 80 దగ్గర ఆగిపోతుంది. చాలామందికి చివరి కణుపు ఒక్కటే విడిగా వంగదు, మధ్యది వంగితేనే అదీ వంగుతుంది.

అరటిపండు ఆకారం రాకుండా ఉండాలంటే వేలికి రెండు వైపులా ఒకేలాంటి గీత వేయకండి. వేళ్లలో కదిలించే కండరాలు లేవు. అవి ఎక్కువగా ముంజేతిలో ఉండి తాళ్లలాంటి స్నాయువులతో (టెండన్లతో) వేళ్లను లాగుతాయి. అందుకే వేలి వెనకవైపు ఎముక మీద చర్మమే: గీత నిటారుగా, కణుపు దగ్గర కోణంగా ఉంటుంది. లోపలి వైపు మెత్తటి దిండ్లు: గీత ముడతకూ ముడతకూ మధ్య ఉబ్బుతుంది. వెనక కోణం, లోపల వంపు. రెండు వైపులా వంపులే పెడితే అరటిపండు, రెండు వైపులా నిటారు గీతలే పెడితే కర్రపుల్ల.

ఒక మామూలు భంగిమ తీసుకుందాం: స్టీలు గ్లాసు పట్టుకున్న చేయి. మొదట గ్లాసును పూర్తిగా గీయండి, వేళ్ల వెనక దాగే భాగంతో సహా. తర్వాత గ్లాసుకు ఆనుకున్న అరచేతి దిమ్మె. మెటికల వంపు గ్లాసు గుండ్రదనాన్నే అనుసరిస్తుంది. నాలుగు వేళ్ల ముద్దను గ్లాసు చుట్టూ తిప్పండి. చిటికెనవేలు తరచు అడుగుకు జారుతుంది, లేదా గ్లాసుకు తగలకుండా విడిగా ఉంటుంది. బొటనవేలు అవతలి వైపు నుంచి ఎదురొత్తాలి. ఎదురొత్తే బొటనవేలు లేకపోతే గ్లాసు గాలిలో తేలుతున్నట్టే ఉంటుంది. ఆఖరున, వేళ్ల దిండ్లు గ్లాసుకు తగిలే చోట వాటిని కాస్త చదును చేయండి. పట్టులోని బరువు ఆ చదునులోనే కనిపిస్తుంది. వేళ్ల కొసల్ని గుండ్రంగానే వదిలేసి, పట్టుకున్నట్టు ఎందుకు లేదా అని తల పట్టుకునేవాళ్లు ఎందరో.

నమస్కారం మన బొమ్మల్లో తప్పదు కాబట్టి దాన్నీ చూడండి. అరచేతులు కలవాలంటే మణికట్లు రెండూ బాగా వెనక్కి వంగాలి, మోచేతులు పక్కలకు జరగాలి. మోచేతుల్ని నడుముకు అంటించి వేస్తే ఆ వంపు సాధ్యం కాదు, చూసేవాళ్లకు కారణం తెలియకపోయినా ఇబ్బందిగా ఉంటుంది. అరచేతుల మొదలు రొమ్ముల ఎత్తులో ఉంటే వేళ్ల కొసలు మెడ గుంట దాటి గడ్డం కింద ఆగుతాయి. రెండు చేతులూ అద్దంలో బొమ్మల్లా కచ్చితంగా కలవవు. జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1508లో నీలి కాగితం మీద కుంచెతో వేసిన ప్రార్థించే చేతుల చిత్రం వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. దాన్ని పెద్దగా చేసి చూసుకుని ఒక్కసారైనా కాపీ చేయండి, ప్రతి కణుపు దగ్గరా వెలుగు ఎక్కడ విరుగుతోందో చూస్తూ.

సాధనకు మన దగ్గర ఇంకో మంచి సాధనం ఉంది. అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలో ఒంటి చేతి ముద్రలు 28 చెప్పారు. కూచిపూడి నేర్చుకునే పిల్లలు ఇంట్లో ఉంటే అడిగి పట్టించుకోండి. పతాకం గీస్తే దిమ్మె అర్థమవుతుంది. సర్పశీర్షంలో దోసిలి వంపు ఉంది. ముష్టిలో మడతలు, శిఖరంలో బొటనవేలు స్పష్టంగా తెలుస్తాయి. ముకుళంలో ఐదు కొసలూ ఒకచోట కలుస్తాయి కాబట్టి మనవైపు తిప్పి గీస్తే దగ్గరి భాగం దూరపు భాగాన్ని ఎలా కప్పేస్తుందో తెలుస్తుంది. అలపద్మం చివరికి ఉంచుకోండి, అందులో ప్రతి వేలూ వేరే దిక్కుకు తిరుగుతుంది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాల్లోనో, శ్రీకాళహస్తి కలంకారీలోనో చేతులకు ఎముకలు, మెటికలు కనిపించవు. అక్కడ చేయి ఏం చెబుతోందన్నదే ముఖ్యం, ఒక్క గీతలో ఆ సంజ్ఞ పలకాలి. మీరు ఆ పద్ధతిలో వేయదలిస్తే పైన చెప్పిన కొలతలన్నీ అలాగే వర్తించవు. కానీ ఆ గీతను అనుకరించి, నీడలు మాత్రం ఫోటోలోలా వేస్తే రెండూ చెడతాయి. బొమ్మ మొదలుపెట్టకముందే ఏ పద్ధతో తేల్చుకోండి.

ఇక శరీరం బిగుసుకుపోవడం. కొలతలు తొందరగా చెప్పేస్తాను. సగటు మనిషి ఎత్తు ఏడున్నర తలలు, ఆదర్శంగా వేసేటప్పుడు ఎనిమిది. ఎత్తులో సగం కాళ్లు చీలే చోటికి వస్తుంది. చేయి వేలాడితే మోచేయి నడుము దగ్గర, మణికట్టు కాళ్లు చీలే ఎత్తులో, వేళ్లు తొడ మధ్యలో. మన నవతాళంలో (మనిషి ఎత్తు తొమ్మిది తాళాలుగా వేసే పద్ధతిలో) లెక్క ఇలా: ముఖం 12, మెడ 4, అక్కడి నుంచి గుండె వరకు 12, బొడ్డు వరకు 12, కటి దిగువ వరకు 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదం ఎత్తు 4, మొత్తం 108 అంగుళాలు.

కొలతలన్నీ సరిపోయినా మనిషి కొయ్యలా ఉంటే కారణం భుజాల గీత, తుంటి గీత రెండూ అడ్డంగా, సమాంతరంగా ఉండటమే. మనిషి బరువును దాదాపు ఎప్పుడూ ఒక కాలి మీదే వేస్తాడు. ఆ కాలి వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది, తల మళ్లీ కాస్త ఒరుగుతుంది. మన శిల్పులు త్రిభంగం అన్నది దీన్నే. మెడ గుంట నుంచి నిలువుగా దారం వదిలినట్టు ఒక గీత గీస్తే అది బరువు మోసే కాలి చీలమండ దగ్గర దిగాలి. దిగకపోతే మనిషి పడిపోతున్నట్టు ఉంటాడు.

ఇంకో కారణం మళ్లీ చేతులే. నిలబడ్డ మనిషి పక్కన చేతులు వదిలేస్తే ఎదుటి నుంచి ఐదు వేళ్లూ కనిపించవు. అరచేయి తొడవైపు, బొటనవేలు ముందుకు ఉంటుంది. మనకు కనిపించేది బొటనవేలు, చూపుడువేలు అంచు, చేతి వెనకభాగం కొంత. మోచేయి కూడా పూర్తిగా నిటారుగా ఉండదు. ఐదు వేళ్లూ పరిచి వేస్తే మనిషి అటెన్షన్‌లో నిలబెట్టిన కొయ్యబొమ్మే.

షేడింగ్ గురించి కొన్ని విషయాలు. వేలిని గొట్టంలా కాకుండా నాలుగు పలకల కర్రలా ఊహించండి, పై పలకకు వెలుగు, పక్క పలకకు నీడ. అన్నిటికన్నా ముదురు రంగు వేలికీ వేలికీ మధ్య సందుల్లో, వస్తువుకు చేయి తగిలే చోట పెట్టండి. చేతి చుట్టూ ఒకే మందంతో నల్ల గీత లాగొద్దు. కణుపు దగ్గర ఐదు ముడతలు కనిపిస్తే రెండే పెట్టండి, లేకపోతే ఇరవై ఏళ్ల అమ్మాయి చేయి ముసలమ్మ చేయి అవుతుంది. రంగుల్లో వేస్తే గుర్తుంచుకోవాల్సింది: మన చర్మానికి అరచేయి, చేతి వెనకభాగం ఒకే రంగు కాదు. మెటికలు, కణుపులు ముదురుగా ఉంటాయి, అరచేయి లేతగా, ముడతల దగ్గర మళ్లీ ముదురుగా. విదేశీ వీడియోలు చూసి అంతటా ఒకే రంగు పూస్తే చేయి మైనంతో చేసినట్టు కనిపిస్తుంది.

ఫోటో ఆధారంగా వేస్తున్నారు కాబట్టి: ఫోన్‌ను చేతికి అడుగు దూరంలో పెట్టి తీస్తే దగ్గరి వేళ్లు విపరీతంగా పెద్దవవుతాయి. ఒకటిన్నర, రెండు మీటర్లు వెనక్కి జరిగి జూమ్ చేయండి. ఫ్లాష్ వద్దు. ఒక పక్క నుంచి ఒకే దీపం చాలు.

సాధన రోజుకు అరగంట. ఏ4 కాగితాన్ని 12 గళ్లు చేసి, 2బి పెన్సిల్‌తో ఒక్కో గడిలో రెండు నిమిషాలకు ఒక చేయి, రబ్బరు ముట్టుకోకుండా. మొదటి వారం ముంజేయి, అరచేతి దిమ్మె, బొటనవేలి ముద్ద మాత్రమే, వేళ్లే వద్దు. రెండో వారం వేళ్ల ముద్ద చేర్చండి. మూడో వారం వేళ్లు చీల్చండి. నాలుగో వారం వస్తువు పట్టుకున్న చేతులు: గ్లాసు, చీపురు, ఫోన్, పూలసజ్జ. వారానికి ఒక బొమ్మ మాత్రం 40 నిమిషాలు కూర్చుని నీడలతో పూర్తి చేయండి. మోడల్‌గా మీ ఎడమ చేయే ఉంది, కుడి చేయి కావాలంటే ఆ ఎడమ చేతినే అద్దంలో చూడండి. గీసిన ప్రతి కాగితాన్నీ ఎదురుగా దీపం పెట్టి వెనకవైపు నుంచి చూడండి. తిరగబడిన బొమ్మలో మణికట్టు మెట్టు, మెటికల వంపు ఎక్కడ తప్పాయో వెంటనే కనబడుతుంది.